బి-భాగం తీసుకోని శిష్యుడు

నాగులమెట్ట ఫ్యాక్టరీని మూసెయ్యమని సోమవారం బోర్డుకు చెప్పాలి. చెబితే జూన్ నుంచి తారకేశ్ ముంబైలో సీఈఓ. ముప్పై అయిదేళ్ళ వయసుకే ఆ కుర్చీ ఆ కంపెనీలో ఎవరికీ దక్కలేదు.

లెక్క ఎప్పుడో తేలిపోయింది. తేలనిది ఇంకేదో ఉంది. అదేమిటో అతనికే అంతుపట్టడం లేదు. వారం రోజులుగా అన్నం సయించడం లేదు. అద్దం ముందు టై కట్టుకుంటూ ఉంటే చేతులు మధ్యలో ఆగిపోతున్నాయి.

ఛైర్మన్ మాత్రం తొందరపెడుతున్నాడు. "ఈ కుర్చీ ఎవరికోసమూ ఆగదు తారకేశ్. సోమవారం నువ్వు మాట్లాడాక మాకు ఇంకో పేరుతో పని ఉండకూడదు."

అలాంటప్పుడే మనిషికి గురువు గుర్తొస్తారు. శుక్రవారం పొద్దున్నే తారకేశ్ విశాఖపట్నంలో విమానం దిగి, తిన్నగా విశాలాక్షి మేడమ్ ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ ముప్పై ఏళ్ళు బిజినెస్ స్కూల్లో పాఠం చెప్పి రిటైరయ్యారు. ఆవిడ క్లాసులో కూర్చున్నవాళ్ళు ఇవాళ దేశంలో పెద్ద పెద్ద కంపెనీల్లో ఉన్నారు. ఆవిడ మాత్రం రెండు గదుల ఫ్లాటులో ఒక్కరే ఉంటారు. వంటింటి కిటికీ దగ్గర మునివేళ్ళ మీద నిలబడితే సముద్రం కనిపిస్తుంది. ఆవిడ ఎప్పుడూ అలా నిలబడి చూసినట్టు లేదు.

ఎంబీఏ చదువంతా అక్కడ కేసుల మీద నడిచేది. కేసంటే ఒక కంపెనీ, దానికొచ్చిన చిక్కు, ఏదో ఒకటి తేల్చాల్సిన ఒక మేనేజరు. చదవడానికి కథలాగే ఉంటుంది. చివర మాత్రం ఎప్పుడూ ఒకటే ప్రశ్న. మీరైతే ఏం చేస్తారు?

క్లాసులో ప్రతివాడూ ఆ మేనేజరే. కేసులో కూలివాళ్ళుంటారు, గుమాస్తాలుంటారు, వాళ్ళ పెళ్ళాం పిల్లలుంటారు. ఆ కుర్చీల్లో కూర్చోమని ఎవరూ ఎవరికీ చెప్పరు. మూయాలా, అమ్మాలా, మనుషుల్ని తగ్గించాలా, పీరియడ్ అయ్యేలోపు తేల్చెయ్యాలి. తారకేశ్ అందరికంటే ముందు చెయ్యెత్తేవాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమాస్తా కొడుకతను. దిమ్మ చూసి తూకం చెప్పడం ఒకటో తరగతిలోనే వచ్చు.

అదంతా ఎ-భాగం. ప్రతి కేసుకూ బి-భాగమని ఒకటుంటుంది. ఆ తర్వాత నిజంగా ఏం జరిగిందో అందులో రాసి ఉంటుంది. పీరియడ్ అయిపోగానే మేడమ్ ఆ కాగితాలు పట్టుకుని తలుపు పక్కన నిలబడేవారు. అడిగినవాళ్ళకి ఇచ్చేవారు. అడగనివాళ్ళని పిలిచేవారు కాదు.

మొదటివారంలో తారకేశ్ ఆ తలుపు దగ్గర ఒకసారి ఆగాడు.

"మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదు."

"థాంక్యూ మేడమ్."

మళ్ళీ ఎప్పుడూ ఆగలేదు. బంగారు పతకం అతనికే వచ్చింది. మెడలో వేసింది కూడా ఆవిడే.

ఆ డిగ్రీ అతని కాళ్ళకు చక్రాలు కట్టింది. రెండేళ్ళకో ఊరు, రెండేళ్ళకో కుర్చీ. అతనొక్కడి సంగతే అని కాదు, ఆ చదువు చదివినవాళ్ళందరి దారీ అదే. చేసిన పని పండిందో ఎండిందో చూసేలోపే పై మెట్టు నుంచి పిలుపు వస్తుంది. ఒకే కుర్చీలో మూడో ఏడు కూడా కూర్చున్నవాణ్ణి చూసి, పాపం వీణ్ణి ఎవరూ పిలవలేదేమో అనుకుంటారు.

*

తలుపు తీసి మేడమ్ అతన్ని పైనుంచి కిందికి చూశారు.

"ఏరా, చిక్కావు. ముంబై నీళ్ళు పడలేదా?"

"ఇంకా వెళ్ళలేదు మేడమ్. జూన్‌లో."

"అయితే గురుగ్రామ్ నీళ్ళే పడలేదన్నమాట. కూర్చో."

ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. తారకేశ్ లాప్‌టాప్ తెరిచాడు. నాగులమెట్ట సంగతి మొదటినుంచీ చెప్పాడు. పాత ఓవెన్లు, పెరిగిన డీజిలు, పక్క రాష్ట్రంలో సగం ఖర్చుకే తయారవుతున్న బిస్కట్లు. అతను చెబుతుంటే వినడానికి బావుంటుంది. ఒక్క మాట ఎక్కువుండదు, ఒక్క మాట తక్కువుండదు. ఆవిడ వింటూనే ఒక్కొక్క కాయా తీసి గిన్నెలో వేస్తున్నారు.

"అక్కడ ప్లాంటు చూసుకునేదెవరు?"

"మస్తాన్ వలి అని. మంచి మనిషి మేడమ్. దాపరికం లేదు. మామూలుగా ప్లాంటువాళ్ళు పాత నష్టాలు ఎక్కడో మూల కప్పెడతారు కదా. ఈయన నేను అడక్కముందే తెచ్చి ముందు పెట్టేవాడు. ఇంటినుంచి రోజూ క్యారేజీ కూడా పంపించేవాడు."

"నువ్వేమని అడిగావు ఆయన్ని?"

"ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి, అది మీ ప్లాంటుకే మంచిది అన్నాను."

మేడమ్ చేతిలో కాయ ఆగింది. "ఆ మాట నీకు నేర్పింది ఎవర్రా? నేనేనా?"

తారకేశ్ నవ్వాడు. "మీరే మేడమ్. నమ్మకం కుదిరితేనే నిజం బయటికొస్తుందని చెప్పారు."

ఆవిడ నవ్వలేదు. కాయ తుంచి గిన్నెలో వేశారు.

"నువ్వు మూయించడం ఇదే మొదటిదా?"

"రెండోది. మూడేళ్ళ కింద పూలవలస. మా కంపెనీదే, జాబిలి బిస్కట్ల ఫ్యాక్టరీ. నన్ను పైకి తెచ్చిందే అది. దాన్ని ఇప్పుడు మన కాలేజీలో కేసుగా చెప్తున్నారట, మీకు తెలుసా?"

"చదివాను. బాగా రాశారు. బి-భాగం ఏదిరా?"

"దానికి బి-భాగం లేదు మేడమ్. ఎవరూ రాయలేదు."

"అయితే తెచ్చిపెట్టు."

"ఏం తేవాలి?"

"బి-భాగం. పూలవలస ఎంత దూరం ఇక్కణ్ణించి? రేపు పొద్దున వెళితే సాయంత్రానికి తిరిగొస్తావు. రాసుకురానక్కర్లేదు. చూసి రా."

"మేడమ్, నేను మీ ఆశీర్వాదం కోసం వచ్చాను. సోమవారం బోర్డు ఉంది."

"మధ్యలో శనివారం ఉంది కదా," అని ఆవిడ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

*

గురువు చెప్పిన పని ఏదైనా చకచకా ముగించడం తారకేశ్‌కు మొదటినుంచీ అలవాటు. శనివారం పొద్దున కారులో వెళుతూ పథకం వేసుకున్నాడు. పాత మేనేజరును కలవాలి. ఇద్దరు ముగ్గురు పనివాళ్ళతో మాట్లాడాలి. బజారు చూడాలి. మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది.

పూలవలస రైల్వే గేటు దగ్గర కారు ఆగింది. అతను తెలియకుండానే అద్దం దించాడు.

ఆ రోజుల్లో ఊరు ఆ గేటు దగ్గరే మొదలయ్యేది. ఇళ్ళు కనిపించకముందే వాసన వచ్చేది. పొద్దున పాలు, పంచదార మాడిన వాసన, మధ్యాహ్నం యాలకులు. ఫ్యాక్టరీలో ఏ బిస్కట్టు పడుతోందో చూసి ఆడవాళ్ళు ఎసరు పెట్టుకునేవాళ్ళట. గడియారం ఎందుకండీ మాకు, ముక్కులుండగా, అని అప్పటి మేనేజరు పైడిరాజు అనేవాడు.

ఇప్పుడు గేటు దగ్గర ఇనుము వాసన, ఎండ వాసన. కొంచెం ముందుకు పోయాక ఇంకేదో ముక్కుపుటాలు అదిరే వాసన. ఫ్యాక్టరీ గేటు మీద కోళ్ళదాణా కంపెనీ బోర్డుంది. లోపల బస్తాలు. వాచ్‌మన్ కొత్తవాడు. ఇక్కడ ఇంతకుముందు ఏముండేదో అతనికి తెలియదు.

ఇందులో తప్పేముంది అనుకున్నాడు తారకేశ్. అందరికీ ఇవ్వాల్సింది ఇచ్చారు. అందరూ సంతకాలు పెట్టారు. ఎక్కడా గొడవ లేదు. ఆ శాంతికే కదా అందరూ మెచ్చుకున్నారు. నిజానికి అతనేదీ కళ్ళారా చూడలేదు. మూసివేత నోటీసు గేటుకు అంటించకముందే అతనికి గురుగ్రామ్ ప్రమోషన్ వచ్చింది.

పైడిరాజు ఇంటి గుమ్మం అతనికి బాగా గుర్తు. ప్లాంటు చూడ్డానికి వచ్చిన ఆరు వారాలూ మధ్యాహ్నం క్యారేజీ ఆ ఇంటినుంచే వచ్చేది. ఆదివారమైతే ఇంటికే పిలిచి, పీట వేసి వడ్డించేవాళ్ళు.

తలుపు పైడిరాజే తీశాడు. సగానికి సగమైపోయాడు. గడ్డం మాత్రం శుభ్రంగా గీసుకుని ఉన్నాడు.

"తారకేశ్ బాబేనా! రండి, రండి. ఈశ్వరీ, ఎవరొచ్చారో చూడు!"

లోపల్నుంచి ఈశ్వరమ్మ వచ్చింది. చూసింది. వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అతని చేతికివ్వలేదు. స్టూలు మీద పెట్టింది.

"పేపర్లో మీ ఫోటో చూశాను బాబూ," అన్నాడు పైడిరాజు. "పైకొస్తారని ఆ రోజే అన్నాను కదా. అంత చురుకుదనం నేనెక్కడా చూడలేదు. మా ఓవెను ముందు నిలబడి, వాచీ కూడా చూడకుండా, నిమిషానికెన్ని పడుతున్నాయో చెప్పేశారు. అప్పలస్వామి నోరు తెరిచేశాడు, గుర్తుందా?"

"గుర్తుంది. అప్పలస్వామి గారు బాగున్నారా? మనవాళ్ళంతా?"

"బాగానే ఉన్నారు. అందరూ బాగానే ఉన్నారు."

టీ వచ్చింది. పళ్ళెంలో నాలుగు జాబిలి బిస్కట్లు.

"తీసుకోండి. మనవే. మన ఓవెన్లు నాగులమెట్టకే వెళ్ళాయి కదా. పేకెట్టు మీద ఆ ఊరి పేరు చూస్తే నాకు తృప్తిగా ఉంటుంది. ఒకటి మూస్తేనే రెండోది బతుకుతుందని మీరు చెప్పారు. పోనీలే, అక్కడివాళ్ళయినా బతికారు."

తారకేశ్ బిస్కట్టు తీసుకున్నాడు. నోటిదాకా పోలేదు. సాసర్లో పెట్టేశాడు.

"అందరూ బాగున్నారని ఈయనకెలా తెలుసు బాబూ?" అంది ఈశ్వరమ్మ గుమ్మంలోంచి. "గుమ్మం దిగి ఎన్నాళ్ళయిందో అడగండి."

"ఈశ్వరీ."

"చెప్పనియ్యండి. ఈ బాబుకి తెలియొద్దేటి? మా ఇంటికి పేరంటం పిలుపు లేదు బాబూ. సొంత మరిది కొడుకు పెళ్ళికి శుభలేఖ రాలేదు. ఇంటి గుట్టు తీసుకెళ్ళి పరాయివాడి చేతిలో పెట్టినాడంట, అందుకే ఫ్యాక్టరీ పోయిందంట. నన్నేటన్నారో తెలుసా? కోడిగుడ్డు కూర వండి పంపించి ఊరిని అమ్మేసిందన్నారు."

వీధిలో ఐసుబండి గంట వాయించుకుంటూ పోయింది.

"నేను చెప్పాను వాళ్ళకి," అన్నాడు పైడిరాజు, తప్పంతా తనదే అన్నట్టు. "గేటు దగ్గర అందరూ ఉండగానే చెప్పాను. ఆ బాబు లెక్కలో తప్పు లేదర్రా, నేను రెండుసార్లు వేసి చూశాను, నేనైనా అలాగే చెప్పేవాణ్ణి అన్నాను."

"అదే," అంది ఈశ్వరమ్మ. "ఆ మాటతోనే అయిపోయింది."

తారకేశ్ బుర్ర తన అలవాటు ప్రకారం పనిచెయ్యబోయింది. ఇది ఏ గడిలో వెయ్యాలి? ఏ నష్టం కింద చూపించాలి? గడి దొరకలేదు. ఆ ఆరు వారాల్లో ఎన్ని గడులు నింపాడో అతనికి గుర్తుంది. ఇది పట్టే గడి ఒక్కటి కూడా వాటిలో లేదు.

అతను లేచాడు. "పైడిరాజు గారూ, పదండి. టీ కొట్టు దాకా పోదాం."

"ఇప్పుడు తాగాం కదా బాబూ."

"ఇంకోటి తాగుదాం. నేను మాట్లాడతాను వాళ్ళతో."

పైడిరాజు భార్య వైపు చూశాడు. ఆవిడ తల తిప్పుకుంది. చొక్కా మార్చుకొస్తానని లోపలికి వెళ్ళినవాడు ఎంతసేపటికీ రాలేదు. వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా, టక్కు, కాళ్ళకు బూట్లు. బూట్లకు పాలిష్ కూడా ఉంది.

*

టీ కొట్టు పాత గేటుకు ఎదురుగానే ఉంది. బెంచీల మీద అయిదారుగురు. వీళ్ళిద్దరూ రావడం చూసి మాటలు ఆగిపోయాయి. పైడిరాజు నవ్వు ముఖంతో అందరి వైపూ చూశాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

కొట్టువాడు అడక్కుండానే రెండు గ్లాసులు పెట్టాడు.

తారకేశ్‌కు మాట్లాడ్డం కొత్త కాదు. వందలమంది ముందు నిలబడ్డవాడే. ఇక్కడ ముందుగా తన పేరు చెప్పుకోవాల్సి వచ్చింది.

"నా పేరు తారకేశ్. ఈ ఫ్యాక్టరీని మూసెయ్యమని చెప్పింది నేను. పైడిరాజు గారు కాదు. ఉన్నది ఉన్నట్టు ఇమ్మని ఆయన్ని అడిగింది కూడా నేనే. ఆయన దాచిపెట్టినా నేను ఎలాగూ కనుక్కునేవాణ్ణే. ఆయన తప్పేమీ లేదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

మూలబెంచీ మీద ఒక పెద్దాయన తలెత్తాడు. ఓవెన్ల మీద మేస్త్రీగా చేసిన అప్పలస్వామి.

"తమరెవరో తెలుసు బాబూ. ఓవెను కాడ నిలబడి ఏడి ఏడి బిస్కట్టు తిన్నారు కదా. నాలిక కాల్చుకున్నారు."

"అవునండీ."

"ఇప్పుడు సెప్పిన మాట ఆ రోజు ఆ గేటు కాడ నిలబడి సెప్పుంటే, ఆడు మాకుండేవోడు. మేమూ ఆడికుండేవోళ్ళం." అతను గ్లాసులో మిగిలిన టీ తాగాడు. "మూడేళ్ళు పోనాక సెప్తే ఏటవుద్ది? తిట్టేసినోళ్ళం తిట్టేశాం. మళ్ళీ ఏ మొకం పెట్టుకుని పలకరించాలి?"

గ్లాసు బల్ల మీద పెట్టి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. వెళుతూ పైడిరాజు పక్కనుంచే వెళ్ళాడు. ఒక్క క్షణం అడుగు నెమ్మదించినట్టు అనిపించింది. అంతే. ఆ వెనకే ఒక్కొక్కరూ లేచారు. ఎవరూ కోపంగా లేరు. కోపంగా ఉంటే తారకేశ్ తట్టుకునేవాడే.

బెంచీలు ఖాళీ అయ్యాయి. పైడిరాజు తన టీ నెమ్మదిగా, చుక్క మిగల్చకుండా తాగాడు.

"పోనీండి బాబూ. వీడి టీ బావుంటుంది. చాన్నాళ్ళయింది."

తిరిగి వచ్చేటప్పుడు దాణా గోడౌను దగ్గర పైడిరాజు ఆగాడు. బూటు లేసు కట్టుకోడానికి వంగి, వంగినట్టే మాట్లాడాడు.

"నాగులమెట్టకు కూడా వెళ్ళారంట కదా మీరు."

"ఎవరు చెప్పారు?"

"మస్తాన్ వలి ఫోను చేశాడు. మేమిద్దరం ఒకే బ్యాచిలో చేరాం కంపెనీలో. అతనొక్కడే చేస్తాడు నాకు ఫోను. ఫ్యాక్టరీలో కొత్త లైను వేస్తున్నారేమోనని సంబరపడుతున్నాడు. 'హెడ్డాఫీసునుంచి ఒక అబ్బాయి వచ్చాడు పైడిరాజూ, మీ ప్లాంటుకు కూడా వచ్చాడంటున్నారు, ఎలాంటివాడు, అడిగినవన్నీ ఇచ్చెయ్యొచ్చా' అని అడిగాడు."

"మీరేం చెప్పారు?"

పైడిరాజు లేచి నిలబడి, మోకాలు దులుపుకున్నాడు.

"మంచివాడు, అన్నీ ఇవ్వమన్నాను."

*

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తారకేశ్ మేడమ్ ఇంటికి చేరాడు. ఆవిడ ఏమీ అడగలేదు. మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చున్నారు. కారులో వస్తూ చెప్పాల్సిందంతా వరసగా అమర్చుకున్నాడు. అలా అమర్చడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. నోరు తెరిస్తే ఆ వరసలో ఒక్కటే మిగిలింది.

"మేడమ్, నేను మంచివాణ్ణని మస్తాన్ వలికి పైడిరాజు గారే చెప్పారట."

అక్కడితో ఆగిపోయింది. కిటికీలోంచి ఎవరింట్లోదో టీవీ చప్పుడు వస్తోంది. అతను రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ ఓదార్చలేదు. చాలాసేపటికి లేచి, నడుము పట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి వీధితలుపు తెరిచారు. తెరిచి ఆ పక్కనే గోడకానుకుని నిలబడ్డారు. క్లాసు అయిపోయాక నిలబడేవారు కదా, అలాగే.

తారకేశ్ కళ్ళు తుడుచుకుని సంచి తగిలించుకున్నాడు. రాత్రి విమానానికి టైమవుతోంది. గుమ్మందాకా వచ్చాడు. ఆవిడ పక్కకు వచ్చాక అతని కాళ్ళు ఆగిపోయాయి.

"మేడమ్, ఒకటి అడగనా?"

"అడుగు."

"లెక్క మారలేదు. దారంతా మళ్ళీ మళ్ళీ వేశాను. ఎలా వేసినా నాగులమెట్టను మూయక తప్పదు. ఇప్పుడు మూయకపోతే ఏడాదికి అదే మునుగుతుంది. అప్పుడు వాళ్ళకి ఇవ్వడానికి కూడా ఏమీ మిగలదు."

"మరి మూసెయ్యి."

"మూసెయ్యమంటారా?"

"లెక్కలో నువ్వు తప్పావని నేను ఎప్పుడన్నానురా?"

గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. ఆవిడ అతని భుజం మీద ఉన్న సంచిని చూశారు. విమానం చీటీ అంటించి ఉన్న, చక్రాలున్న చిన్న పెట్టెను చూశారు. ఆ తర్వాత అతని ముఖంలోకి చూశారు.

"మూసేశాక నువ్వెక్కడుంటావు?"

జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ముంబైనుంచి ఛైర్మన్ గారి సెక్రటరీ.

"సార్, సారీ, శనివారం పూట విసిగిస్తున్నాను. మీకు రెండు ఫ్లాట్లు చూశాం. ఒకటి సముద్రం వైపు. రెండోది ఆఫీసుకు దగ్గర. ఏది ఖాయం చెయ్యమంటారు?"

"రెండూ వద్దు," అన్నాడు తారకేశ్. "నాగులమెట్టలో ఇల్లు చూడండి."

"నాగులమెట్టలోనా? గెస్ట్ హౌస్ ఉంది కదా సార్. మూసివేత పనులకి రెండురోజులు చాలు అన్నారు మీరే."

"గెస్ట్ హౌస్ వద్దు. ఊళ్ళో ఇల్లు. అద్దెకి. ఫ్యాక్టరీ గేటుకు దగ్గర్లో ఉంటే మంచిది. టీ కొట్టు అదీ ఉండేచోట."

"సార్, జూన్ ఒకటిన మీరిక్కడ ఉండాలి. ఛైర్మన్ గారు... ఆ కుర్చీ ఆగదు సార్."

"తెలుసు. సోమవారం ఆయనకి నేనే చెప్తాను. దానికంటే ముందు, రేపు, మస్తాన్ వలి గారికి చెప్పాలి. కొత్త లైను రావడం లేదని."

"మరి ఇల్లు ఎన్నాళ్ళకి సార్? ఇంటివాళ్ళు అడుగుతారు కదా."

ఏది అడిగినా అంకె నాలుక చివర ఉండే మనిషి తారకేశ్. ఈసారి అంకె చెప్పకుండానే, ఫోను చెవికి పెట్టుకుని, భుజం మీది సంచి దించి గుమ్మంలో పెట్టాడు.

విశాలాక్షి మేడమ్ తలుపు పక్కనుంచి కదిలి లోపలికి వెళ్ళారు. ఆవిడ చేతుల్లో కాగితాలేవీ లేవు.